కేబులా, డిష్షా: ఖరగ్‌పూర్ తెలుగింటి లెక్క

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట టీవీ మాట వస్తే, కాసేపటికి ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "కేబుల్ తీయించేసి డిష్ పెట్టించుకుంటే ఎలా ఉంటుందండీ?" అని. నిమ్‌పురాలో, మథురాకాటిలో, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో, మలంచ వైపు సొంతిళ్లు కట్టుకున్నవాళ్లలో, ఎక్కడైనా ఇదే ప్రశ్న. ఆ వెంటనే నెలకి ఎంతవుతుందన్న లెక్క మొదలవుతుంది. డబ్బు లెక్క అక్కర్లేదని నేననను, దాని సంగతీ చెబుతాను. కాని అంతకంటే ముందు తేల్చుకోవలసినది ఇంకోటుంది. మీ ఇంట్లో టీవీ ముందు ఎక్కువసేపు కూర్చునేది ఎవరు? వాళ్లు ఏ భాషలో చూస్తారు? ఈ రెండిటికీ జవాబు దొరికితే కేబులో డిష్షో దాదాపు తేలిపోయినట్టే.

భాష సంగతి ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టిన రోజుల్లో, అంటే 1900కి కాస్త అటూ ఇటూగా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి మనవాళ్లు పనికోసం ఈ ఊరు రావడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్ల మునిమనవలు ఇవాళ ఈ ఊళ్లో ఉన్నారు. బజారులో బంగ్లా, పక్కింటివాళ్లతో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు ఇంటి గడప లోపలే. అందులోనూ చాలామంది పిల్లలకి మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదు. తెలుగు పుస్తకం వాళ్లకి తాళం వేసిన గది. అలాంటి పిల్లలకి తెలుగు అందేది చెవి ద్వారానే. ఇంట్లో మామ్మ మాట, ఫోన్‌లో ఊరి చుట్టాల మాట, టీవీలో మాట. ఈ మూడే.

ఒకప్పుడు ఆ మూడోది కూడా లేదు. కలకత్తా దూరదర్శన్ 1975 ఆగస్టులో మొదలైంది, అది సహజంగానే బంగ్లాలో మాట్లాడింది. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చినా దాని ప్రసారం ఇంతదూరం అందేది కాదు. ఎనభైలలో జాతీయ ప్రసారంలో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల సినిమాలు వేసేవారు. అన్ని భాషలూ తిరిగి తెలుగు వంతు వచ్చేదాకా కాచుకోవాలి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ఆ ఎదురుచూపు తీరింది. మరుసటి ఏడాది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ఈటీవీలో 'పాడుతా తీయగా' పాటల పోటీ మొదలుపెట్టారు. పాడే పిల్లలకి ఆయన ఒత్తులూ హ్రస్వాలూ దీర్ఘాలూ సరిచేస్తుంటే, తెలుగు బడికి వెళ్లని పిల్లలకి కూడా అది పాఠంలాగే పనికొచ్చింది. 2008 జూలైలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఎస్వీబీసీ వచ్చింది. పొద్దున్న సుప్రభాతం, మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవం. తిరుపతి ప్రయాణం ఇంక ఒంటికి పడని పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ ఛానెల్ రాకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కేబుల్ ఎలా పనిచేస్తుంది, డిష్ ఎలా పనిచేస్తుంది? చాలామంది ఒకటి తీగ, రెండోది ఆకాశం అనుకుంటారు. నిజానికి రెండూ ఆకాశం నుంచే వస్తాయి. భూమధ్యరేఖకి సరిగ్గా పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ మనకి కదలనట్టు కనబడే ఉపగ్రహాలున్నాయి. ఛానెళ్లన్నీ ముందు అక్కడికే వెళతాయి. కేబుల్ కంపెనీవాళ్లు పెద్ద పెద్ద డిష్‌లు పెట్టి వాటిని ఒకచోట దించుకుంటారు. దాన్ని హెడ్‌ఎండ్ అంటారు. అక్కడి నుంచి ఫైబర్ మీద ఊరికి, ఊళ్లోంచి నల్లటి తీగ మీద వీధికి, వీధిలోంచి మీ ఇంటికి. డిష్ పద్ధతిలో కూడా కంపెనీ ఛానెళ్లన్నీ ఒకచోట చేరుస్తుంది, కాని వాటిని మళ్లీ ఉపగ్రహానికే పంపుతుంది. అక్కడి నుంచి నేరుగా మీ మిద్దె మీదికే దిగుతాయి.

తెలుగువాళ్లకి తేడా పడేది ఇక్కడే. హెడ్‌ఎండ్‌లో ఏ ఛానెళ్లు దించాలన్నది ఆ ప్రాంతంలో ఎవరు ఏం చూస్తారన్న లెక్క మీద సాగుతుంది. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో జనం మొత్తం చూసేది బంగ్లా, హిందీ. తెలుగిళ్లు ఎక్కువగా ఈ ఒక్క ఊళ్లోనే, అదీ కొన్ని పేటల్లో గుమిగూడి ఉన్నాయి. కేబుల్ ఆపరేటరు మంచివాడైనా, మనవాడే అయినా, పైనున్న పెద్ద కంపెనీ దించని ఛానెల్‌ని అతను ఇవ్వలేడు. దూరదర్శన్ ఛానెళ్లు కొన్ని తప్పనిసరిగా ఇవ్వాలని చట్టం ఉందిగాని, తెలుగు ప్రైవేటు ఛానెళ్లు ఇచ్చితీరాలని ఎక్కడా లేదు. డిష్ కంపెనీ సంగతి వేరు. దాని ఉపగ్రహం శ్రీకాకుళానికీ ఖరగ్‌పూర్‌కీ గువాహటికీ ఒకే కట్టు ఛానెళ్లను ఒకేసారి కురిపిస్తుంది. విజయవాడలో లక్షల ఇళ్ల కోసం పెట్టిన ఛానెల్ మీ పేటలో ఒక్క ఇల్లే తెలుగిల్లయినా అందుతుంది. డబ్బు కడితే తాళం తీస్తారు, అంతే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఎన్నేళ్లో అడిగిన సంగతి అది. సంతోషించాం. కాని ప్రభుత్వ కాగితంలో చోటు దొరికిన భాషకి కేబుల్ ప్యాక్‌లో చోటు దానంతటదే దొరకదు. దాన్ని విడిగా అడిగి తెచ్చుకోవాలి.

అందుచేత మొదటి పని ఇది. ఇంట్లో అందరూ కూర్చుని, ఏ తెలుగు ఛానెళ్లు తప్పకుండా కావాలో ఒక కాగితం మీద రాయండి. పెద్దావిడని అడగండి, పిల్లల్ని అడగండి. వార్తలకి ఏది, సీరియళ్లకి ఏది, భక్తికి ఏది. మామూలుగా అయిదారుకి మించవు. ఆ కాగితం పట్టుకుని, మీ రిమోట్ నొక్కుతూ ఒక్కొక్కటీ ఇప్పుడు వస్తోందో లేదో చూడండి. అన్నీ వస్తుంటే, బొమ్మ బాగుంటే, మారవలసిన తొందరేమీ లేదు. పక్కింట్లో డిష్ పెట్టారు కదా అని మీరు పెట్టక్కర్లేదు. రెండు మూడు రాకపోతే, కేబుల్ అతన్ని ఆ పేర్లు చెప్పి అడగండి. "చూస్తాను" అన్న జవాబుతో తృప్తిపడకండి. ఫలానా నెలలోగా వస్తాయా, రావా అని తేల్చుకోండి.

డిష్ వైపు మొగ్గితే తరవాత చూడవలసింది మీ మిద్దె. ఖరగ్‌పూర్ ఉన్నచోటు నుంచి చూస్తే మన దేశానికి ఛానెళ్లు దించే ఉపగ్రహాలు ఎక్కువగా దక్షిణం దిక్కున, ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాయి. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహాన్ని వాడే కంపెనీ డిష్ దక్షిణం నుంచి కొంచెం పడమరకి, 93.5 డిగ్రీల మీదిది వాడే కంపెనీ డిష్ కొంచెం తూర్పుకి తిరుగుతుంది. నేల నుంచి ఆ రెండిటి చూపూ 60 డిగ్రీలు దాటి పైకి లేస్తుంది. అంటే డిష్‌కి దక్షిణంగా పదడుగుల దూరంలో చెట్టు ఉంటే, అది డిష్ కంటే ఇరవై అడుగులు ఎత్తు పెరిగేదాకా అడ్డు రాదు. మన పాత రైల్వే క్వార్టర్ల చుట్టూ పెద్ద పెద్ద చెట్లున్నాయి, నీడకీ గాలికీ అవి ఎంత మేలో చెప్పనక్కర్లేదు. కాని క్వార్టరుకి ఉత్తరపు గోడ మీద, కొమ్మల కింద డిష్ పెట్టిస్తే పనిచేయదు. బిగించడానికి వచ్చిన కుర్రాడు తొందరలో ఎక్కడ వీలైతే అక్కడ బిగించేస్తాడు. మీరు దగ్గర నిలబడి దక్షిణం ఖాళీగా ఉన్నచోట పెట్టించుకోండి. క్వార్టరు గోడకి బోల్టు కొట్టే ముందు క్వార్టర్ల మరమ్మతులు చూసే రైల్వే ఐ.ఓ.డబ్ల్యూ ఆఫీసులో ఒక మాట అడగడం మంచిది. ఖాళీ చేసేనాడు గోడ సంగతి అడుగుతారు.

ఇక వాన. ఈ విషయంలో డిష్ మీద వచ్చే ఫిర్యాదు నిజమైనదే. ఇళ్ల మీది చిన్న డిష్‌లు కేయూ బ్యాండ్ అనే తరంగాలని అందుకుంటాయి. వాటి పొడవు రెండున్నర సెంటీమీటర్ల దగ్గర. జడివానలో చినుకులు ఆ తరంగాలని మింగేస్తాయి, చెదరగొడతాయి. వాన మేఘంలో ఐదారు కిలోమీటర్ల దారి దాటి రావాలి కదా, చివరికి డిష్ దాకా వచ్చేది చాలదు. తెర మీద సిగ్నల్ లేదన్న పెట్టె కనబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వాయవ్యం నుంచి విరుచుకుపడే కాల్‌బైశాఖీ గాలివానని బెంగాల్‌లో ఉన్నవాళ్లందరూ ఎరుగుదురు. అది వచ్చినప్పుడు డిష్ టీవీ ఆగుతుంది. వాన జోరు తగ్గగానే వస్తుంది. అలా రాకపోతే గాలికి డిష్ కదిలిందన్నమాట. రెండు డిగ్రీలు పక్కకి జరిగినా చాలు, బొమ్మ పోతుంది. అందుకే గోడకి నాలుగు బోల్టులూ గట్టిగా పడ్డాయా లేదా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. సీరియల్ చూసే వేళా గాలివాన వచ్చే వేళా ఒకటే కావడం మన కర్మ, దానికి విరుగుడు లేదు. ఇదిగాక మార్చిలోనూ, మళ్లీ సెప్టెంబరు చివర అక్టోబరు మొదట్లోనూ, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే కొన్ని రోజుల్లో పగటిపూట కొద్ది నిమిషాలు సిగ్నల్ చెదురుతుంది. అప్పుడు మెకానిక్‌ని పిలిచి డబ్బు ఇవ్వకండి, దానంతటదే సర్దుకుంటుంది.

కేబుల్ హెడ్‌ఎండ్‌లో ఉండే పెద్ద డిష్‌లు ఎక్కువగా వాడేది సి బ్యాండ్ అనే ఇంకా పొడవైన తరంగాలని. వాటిని వాన అంతగా కదిలించలేదు. కాని హెడ్‌ఎండ్ నుంచి మీ ఇంటి దాకా ఉన్న దారి మాటేమిటి? వీధిలో సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయరుకి కరెంటు పోతే మీ ఇంట్లో కరెంటున్నా టీవీ రాదు. స్తంభం పడితే పేట మొత్తానికి రాదు. 2020 మే 20న అంఫాన్ తుపాను బెంగాల్ తీరాన్ని దాటినప్పుడు స్తంభాలూ తీగలూ ఎలా నేలకూలాయో మనందరం చూశాం. తీగ తెగితే అతికేదాకా ఆగాలి. ఆకాశంలోనూ చెడిపోవడాలు లేకపోలేదు. 2010 జూలైలో ఇన్‌శాట్-4బి ఉపగ్రహంలో విద్యుత్ లోపం వచ్చి ఛానెళ్లని కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లలో సగం మూసేయవలసి వచ్చింది. దాని మీద ఆధారపడ్డ సన్ డైరెక్ట్ అనే డిష్ కంపెనీ చందాదారులు ఇబ్బంది పడ్డారు. అలాంటిది చాలా అరుదు. వాన మాత్రం ఏటా వస్తుంది. కాబట్టి వాన లెక్కలో నేను కేబుల్‌కే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

డబ్బు లెక్క. 2011లో చట్టం మార్చి కేబుల్‌ని దశలవారీగా డిజిటల్ చేశారు. కోల్‌కతా లాంటి మహానగరాల తరవాత, మనలాంటి పట్టణాలకి 2015 డిసెంబరు 31 గడువు పెట్టారు. ఆ తరవాత బాక్సు లేని కేబుల్ రోజులు పోయాయి. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. కేబులైనా డిష్షయినా ఒకటే సూత్రం. ముందు కనెక్షన్ కోసం నెట్‌వర్క్ ఫీజు, దాని మీద మీరు ఎంచుకున్న పే ఛానెళ్ల ధర, అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. అప్పట్లో ఫీజు గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఒక్కో తెలుగు ఛానెల్‌కి 19 రూపాయలు వేసుకుని నాలుగు విడిగా తీసుకుంటే 76, పన్నుతో దాదాపు 90. మొత్తం కలిపి 243. 2024 జూలైలో ట్రాయ్ ఆ 130 రూపాయల హద్దు ఎత్తేసింది, కాబట్టి ఇప్పుడు కంపెనీకొక ధర. కాని లెక్క కట్టే తీరు అదే. ఎస్వీబీసీ లాంటి ఉచిత ఛానెళ్లకి ధర ఉండదు.

ఇక్కడ చాలా ఇళ్లలో డబ్బు ఊరికే పోతోందని నా అనుమానం. బంగ్లా ప్యాకు, హిందీ ప్యాకు, తెలుగు ప్యాకు మూడూ తీసుకుంటారు. చూసేది మూడు నాలుగు ఛానెళ్లు. ప్యాకులో ఇరవై చూపించి చవకని చెబుతారు, కాని ఆ ఇరవైలో మీ కాగితం మీద రాసుకున్నవి ఎన్ని? విడిగా ఒక్కొక్క ఛానెలూ తీసుకునే హక్కు మీకు ఉంది. రెండు పద్ధతులకీ మొత్తం ఎంతవుతుందో రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్లకే ఆ లెక్క అప్పజెప్పండి, సంతోషంగా చేస్తారు.

మారాలనుకుంటే కలిసిరాని సంగతి ఇంకోటి. కేబుల్ బాక్సు డిష్‌కి పనికిరాదు, ఒక డిష్ కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి పనికిరాదు. ఫోన్ నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకున్నట్టు టీవీలో మారలేం. బాక్సులు ఎవరి దగ్గరైనా పనిచేసేలా చేయాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది, కాని ఇళ్లలో ఆ మార్పు ఇంకా కనబడలేదు. అందుకే కంపెనీని ఎంచుకునేటప్పుడు మొదటిసారే జాగ్రత్తగా ఎంచుకోవాలి. తెలుగు ఛానెళ్లు ఎక్కువగా ఇచ్చేది ఏదో, మీ పేటలో దాని మెకానిక్ పిలిస్తే వచ్చేది ఏదో కనుక్కోండి. ఒకేసారి ఏడాదికి డబ్బు కట్టమంటారు, తగ్గిస్తామంటారు. నేను కట్టొద్దనే చెబుతాను. 2020 చివరికి దేశంలో డిష్ చందాదారులు ఏడు కోట్ల దాకా ఉండేవారు. 2025కి ఆరు కోట్ల లోపుకి పడిపోయారు. జనం ఇంటర్నెట్ వైపు పోతున్నారు. కంపెనీలు కలిశాయి, పేర్లు మార్చుకున్నాయి. ఇలాంటి కాలంలో నెలనెలా కట్టుకోవడమే మేలు.

బదిలీల ఉద్యోగం వాళ్లకి మాత్రం డిష్‌లో గొప్ప సౌకర్యముంది. ఖరగ్‌పూర్ నుంచి ఆద్రాకో చక్రధర్‌పూర్‌కో వేస్తే బాక్సూ డిష్షూ సామానుతో పట్టుకుపోవచ్చు. అక్కడ బిగించిన రోజే అదే తెలుగు ఛానెళ్లు వస్తాయి. కొత్త ఊళ్లో పిల్లలకి అన్నీ కొత్తే అయినప్పుడు, సాయంత్రం టీవీలో వినబడే మాటైనా పాతది ఉంటే వాళ్లకి ఊరట.

అసలు నెలనెలా కట్టలేని ఇళ్లున్నాయి. పింఛను మీద బతికే ఒంటరి పెద్దవాళ్లున్నారు. వాళ్లకి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. బాక్సుకీ డిష్‌కీ ఒకసారి డబ్బు పెడితే చాలు, ఇంక నెల ఖర్చు ఉండదు. అందులో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. జనం ఎగబడే తెలుగు సీరియళ్లు అందులో ఉండవు. కాని వార్తలు, పాటలు, నాటకాలు, వ్యవసాయం కబుర్లు వస్తాయి, ఒంటరిగా ఉన్నవాళ్లకి ఇంట్లో తెలుగు గొంతు వినబడుతుంది. అలాంటి పెద్దవాళ్లు మీ ఎరికలో ఉంటే ఒక పూట వెళ్లి పెట్టించి రండి.

కుర్రాళ్లు అంటారు, ఇప్పుడంతా ఫోన్‌లోనే ఉంది, కేబుల్ ఎందుకు డిష్ ఎందుకు అని. వాళ్ల మట్టుకు నిజమే. కాని డెబ్భై ఏళ్ల ఆవిడ చేతికి ఫోనిచ్చి యాప్ తెరుచుకోమంటే కుదురుతుందా? ఆవిడకి రిమోట్ మీద రెండు బొత్తాలు తెలుసు. పైగా ఫోన్ ఎవరికి వారిదే. టీవీ ముందు మామ్మా మనవరాలూ కలిసి కూర్చుంటారు. మనవరాలు అర్థం కాని మాట అడుగుతుంది, మామ్మ చెబుతుంది. ఆ అడగడం, చెప్పడం జరిగేందుకే ఇంత లెక్క చూడమంటున్నాను.

నా అభిప్రాయం ఏమిటని అడుగుతారు. సొంతింట్లో స్థిరంగా ఉండి, కావలసిన తెలుగు ఛానెళ్లన్నీ ఇప్పటికే కేబుల్‌లో వస్తుంటే ఉంచుకోండి. పూజలకీ పండగలకీ ఊరి సంగతులు చూపించే స్థానిక ఛానెల్ మీ కేబుల్‌లో ఉంటే, అది డిష్‌లో దొరకదు. మన పేటల్లో జరిగే మాతాపూజ ఊరేగింపు చూడాలనుకునే పెద్దవాళ్లున్న ఇల్లయితే దీన్నీ లెక్కలో వేసుకోండి. తెలుగు ఛానెళ్లు సగమే వస్తుంటే, బదిలీల ఉద్యోగమైతే, మిద్దె మీద దక్షిణం ఖాళీగా ఉంటే డిష్‌కి మారండి, వానకి కాస్త ఓర్చుకోండి. పాత కేబుల్ వెంటనే కోయించకండి. ఒక నెల రెండూ ఉంచి, మీ కాగితం మీది ఛానెళ్లన్నీ డిష్‌లో వస్తున్నాయని చూసుకున్నాకే ఆపండి. కేబుల్ బాక్సుకి డిపాజిట్ కట్టి ఉంటే రసీదు వెతికి పట్టుకుని వెళ్లండి.

మారేముందు ఇంకో ప్రయత్నం మిగిలి ఉంది. మీ పేటలో తెలుగిళ్లు ఎన్నున్నాయో లెక్కవేయండి. ఒక్క ఇల్లు అడిగితే ఆపరేటరు వింటాడు, మరిచిపోతాడు. ముప్ఫై ఇళ్లవాళ్లు ఒకే కాగితం మీద, ఫలానా ఛానెళ్లు కావాలి, రాకపోతే వచ్చే నెల నుంచి డిష్ పెట్టించుకుంటాం అని సంతకాలు చేసి ఇస్తే, అతను దాన్ని పైనున్న కంపెనీకి చూపించగలడు. అతనికీ అదే కావాలి, ఇళ్లు పోవడం అతనికి నష్టం. ఆ కాగితం తెలుగులో రాయండి, కింద బంగ్లాలోనూ రాయించండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, తేదీ వేయడం మరిచిపోకండి.